మనిషిని చూడగానే మూత్రం పోసే కుక్కపిల్ల: సమస్య - పరిష్కారం

"మా లాబ్రడార్ పిల్లకి నాలుగు నెలలు. బయటికి తీసుకెళ్తే బుద్ధిగా మూత్రం పోస్తుంది. ఇంట్లో అలవాటు కూడా బాగానే పడింది. కానీ నాన్నగారు ఆఫీసు నుంచి రాగానే ఆయన కాళ్ల దగ్గరే పోసేస్తుంది. కిడ్నీ సమస్యా, లేక పొగరా?"

కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్న ఇళ్లలో తరచూ వినబడే ప్రశ్న ఇది. చాలాసార్లు కిడ్నీ సమస్య ఉండదు, పొగరు అసలే కాదు. కారణం తెలియకుండా తిట్టడం మొదలుపెడితే మాత్రం చిన్న సమస్య పెద్దదవుతుంది. అందుకే నేల మీద మడుగు చూసి కంగారు పడకండి. మూత్రం పోసిన ఆ క్షణంలో పిల్ల ఒళ్లు ఎలా ఉందో చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఒళ్లు ముడుచుకుని, పక్కకు ఒరిగి పోస్తుంటే

తల కిందికి వంచుతుంది. చెవులు వెనక్కి అతుక్కుపోతాయి. తోక కాళ్ల మధ్యకు వెళ్తుంది, లేదా కిందికి దించి చివర మాత్రమే ఊపుతుంది. మన కళ్లలోకి చూడదు. పెదాలు నాక్కుంటుంది. మనం ఇంకా దగ్గరికి వెళ్తే వెల్లకిలా పడి పొట్ట చూపిస్తుంది, అప్పుడే మూత్రం కారుతుంది.

ఇది లొంగుబాటు. కుక్కల మధ్య దీనికి స్పష్టమైన అర్థం ఉంది: "నేను చిన్నదాన్ని, నన్నేమీ చేయకు." పెద్ద కుక్క ముందు పిల్ల ఇలా చేస్తే అది మామూలుగా ఒకసారి వాసన చూసి వదిలేస్తుంది. మనుషులం మాత్రం "మళ్లీ పోశావా!" అని గొంతు పెంచుతాం. బతిమాలినా ఎదుటివాళ్ల కోపం తగ్గలేదని పిల్లకు అనిపిస్తుంది. దానికి తెలిసిన బతిమాలుకోవడం అదొక్కటే కాబట్టి మళ్లీ అదే చేస్తుంది, ఈసారి ఇంకా ఎక్కువ పోస్తుంది. తిట్టే కొద్దీ పెరిగే అలవాటు ఇది. తిట్టాక అది ముడుచుకుపోతే "తప్పు చేశానని దానికే తెలుసు" అనుకుంటాం. అది తప్పు తెలుసుకోవడం కాదు, భయం.

కొట్టే ఇంటి నుంచి వచ్చిన పిల్లల్లో, వీధిలో రాళ్ల దెబ్బలు తిన్న పిల్లల్లో ఇది కనిపిస్తుంది. అలాగని ఇలా చేసే ప్రతి పిల్లనూ ఎవరో కొట్టారని అనుకోనక్కర్లేదు. పుట్టుకతోనే మెత్తని స్వభావం ఉన్నవి ఉంటాయి. వాటికి మన ఎత్తు, గొంతు, మీదకు వంగే తీరు చాలు. నాన్నగారి దగ్గరే ఎందుకు పోస్తుందంటే ఆయన పొడుగ్గా ఉండి ఉంటారు, గొంతు గంభీరంగా ఉండి ఉంటుంది, ముద్దు చేయడానికి నేరుగా పైనుంచి తల మీద చెయ్యి వేస్తూ ఉండి ఉంటారు. ఆయన ప్రేమగానే చేస్తారు, కానీ పిల్లకు కనిపించేది మీదకు వస్తున్న పెద్ద శరీరం.

ఏం చేయాలి? ఇంట్లోకి రాగానే దాన్ని పలకరించకండి. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, సోఫాలోనో నేల మీదో పక్కకు తిరిగి కూర్చోండి. దాని వైపు చూడకండి. అదే వస్తుంది, రానివ్వండి. వచ్చాక తల మీద కాకుండా గడ్డం కింద, ఛాతీ దగ్గర నెమ్మదిగా గోకండి. ముడుచుకోవడం మొదలైతే చెయ్యి తీసేసి, మాట్లాడకుండా లేచి పక్కకు వెళ్లండి. మూత్రం పోసేసినా ముఖంలో ఏమీ చూపించకండి, "అయ్యో" అని కూడా అనకండి. పిల్లను వేరే గదిలోకి పంపాక తుడవండి.

కష్టమంతా కుక్కపిల్లతో కాదు, వచ్చే చుట్టాలతో. తలుపు తీయగానే "ఏదీ, ఎక్కడ బుజ్జిది?" అంటూ బాబాయి వంగిపోతాడు. ముందే ఫోన్ చేసి చెప్పండి: "పది నిమిషాలు దాన్ని అస్సలు పట్టించుకోకండి." మొహమాటం వద్దు. అపార్ట్‌మెంట్ లిఫ్టులో కూడా ఇదే గొడవ, ఇరుకు చోటు, కొత్త మనుషులు. వీలైతే మెట్లు వాడండి, లేదా ఖాళీ లిఫ్టు వచ్చేదాకా ఆగండి.

దీంతోపాటు పిల్లకు ధైర్యం పెంచాలి. "సిట్", "షేక్ హ్యాండ్" లాంటివి నేర్పండి. సరిగ్గా చేసినప్పుడల్లా ఉప్పూకారం లేని ఉడికించిన చికెన్ ముక్క, శాకాహారులైతే చిన్న క్యారెట్ ముక్క ఇవ్వండి. తను చేసిన పనికి మంచి జరుగుతుందని తెలిసే కొద్దీ మనుషుల ముందు ముడుచుకోవడం తగ్గుతుంది. దీనికి వారాలు పట్టొచ్చు. మూతిని మూత్రంలో రుద్దడం, పేపరు చుట్టి కొట్టడం, మెడ పట్టుకుని ఎత్తడం పూర్తిగా మానేయండి. ఇవి ఏమీ నేర్పవు, మీ చెయ్యంటే భయం మాత్రం నేర్పుతాయి.

నిలబడి, గంతులు వేస్తూ చుక్కలు చుక్కలుగా పోస్తుంటే

ఇక్కడ పిల్ల ముడుచుకోదు. నడుము దాకా ఒళ్లంతా ఊపుతుంది, మీదకు ఎగురుతుంది, చుట్టూ తిరుగుతుంది. ఆ సంబరంలో మూత్రం చిందుతుంది, చాలాసార్లు పోసినట్టు దానికే తెలియదు. మూత్రాశయాన్ని బిగించి ఉంచే కండరాల మీద ఇంకా పట్టు రాకపోవడమే కారణం. ఏడాది వయసు వచ్చేసరికి ఎక్కువ పిల్లల్లో ఇది దానంతట అదే ఆగిపోతుంది.

అప్పటిదాకా సంబరాన్ని తగ్గించడమే పని. ఎవరైనా వస్తారని తెలిస్తే ముందే బయటికి తీసుకెళ్లి మూత్రం పోయించండి. కాలింగ్ బెల్ మోగగానే నేల మీద నాలుగు గింజల ఫుడ్ చల్లితే మూతి కిందికి వెళ్తుంది, ఎగరడం ఆగుతుంది. ఆట మధ్యలో విరామాలు ఇవ్వండి. వీలైతే పలకరింపులు గేటు బయట మట్టి నేల మీదే జరగనివ్వండి.

ఒక్క పని మాత్రం చేయకండి: మూత్రం తగ్గుతుందని నీళ్లు తగ్గించడం. మన ఎండల్లో కుక్కపిల్ల ఒంట్లో నీరు తగ్గితే చాలా ప్రమాదం. గిన్నెలో నీళ్లు ఎప్పుడూ ఉండాల్సిందే.

కొన్ని పిల్లల్లో ఈ రెండూ కలిసి ఉంటాయి. మీ అమ్మాయిని చూసి గంతులు వేసేది, నాన్నగారిని చూసి ముడుచుకుంటుంది. అప్పుడు ఎవరి దగ్గర ఏది అవసరమో అదే పాటించండి.

మనుషులతో సంబంధం లేకుండా ఎక్కడపడితే అక్కడ పోస్తుంటే

ఇది మామూలు అలవాటు సమస్య. పగటిపూట పిల్ల ఎంతసేపు ఆపుకోగలదో తెలియాలంటే దాని వయసు నెలల్లో తీసుకుని ఒకటి కలపండి. మూడు నెలల పిల్ల మహా అయితే నాలుగు గంటలు ఆగుతుంది, ఆడుకుంటుంటే అంతకంటే చాలా తక్కువ. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక తీసుకెళ్లండి. టీకాలు పూర్తికాక బయటికి పంపలేని పిల్లకు బాల్కనీలో మట్టి ట్రే, లేదా రోజూ ఒకేచోట పరిచిన పేపర్లు సరిపోతాయి. ఆరు నెలలు దాటిన మగ పిల్ల కాలు ఎత్తి కర్టెన్‌కో ఫ్రిజ్‌కో కొంచెం కొంచెం పోస్తుంటే అది తన హద్దులకు గుర్తులు పెట్టుకోవడం, దాని సంగతి వేరు.

ఇది జబ్బు కావచ్చని అనుమానించాల్సిన లక్షణాలు

*మాటిమాటికీ కూర్చుని ముక్కుతుంది, రెండు చుక్కలే వస్తాయి, రక్తం చారలు లేదా ఘాటు వాసన ఉంటుంది, ఆ చోట ఎక్కువగా నాక్కుంటుంది.* మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఆడ పిల్లల్లో ఎక్కువ. అలవాటు బాగా పడిన పిల్ల ఉన్నట్టుండి ఇంట్లో పోయడం మొదలుపెట్టినా ముందు దీన్నే చూడాలి. డాక్టర్ మూత్ర పరీక్ష రాస్తారు. శాంపిల్ తీయడం సులువే: పొద్దున్నే బయటికి తీసుకెళ్లి, ధార మొదలయ్యాక శుభ్రంగా కడిగి ఆరబెట్టిన పొడుగు కాడ స్టీలు గరిటెను వెనక నుంచి కిందికి జరపండి. పట్టిన మూత్రాన్ని మెడికల్ షాపులో దొరికే డబ్బాలో పోయండి. వెంటనే ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టి, కొన్ని గంటల్లోపే అందించండి. యాంటీబయోటిక్ రాస్తే కోర్సు పూర్తిగా వాడండి. బార్లీ నీళ్లతో ఇన్‌ఫెక్షన్ పోదు. పాత స్ట్రిప్‌లో మిగిలిన మాత్రలు వేయకండి.

*పడుకున్న చోటు తడిగా ఉంటుంది, నడుస్తుంటే కూడా కారుతూనే ఉంటుంది, తెచ్చిన రోజు నుంచీ అంతే.* కిడ్నీ నుంచి వచ్చే గొట్టం మూత్రాశయంలో కాకుండా దాన్ని దాటి కింద తెరుచుకునే పుట్టుక లోపం ఉండొచ్చు. ఇదీ ఆడ పిల్లల్లోనే ఎక్కువ. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీ జాతుల్లో కనిపిస్తుంది. ఎంత ట్రైనింగ్ ఇచ్చినా తగ్గదు. స్కానింగ్‌తో తెలుస్తుంది, ఆపరేషన్‌తో చాలావాటికి మేలవుతుంది. పాపం ఇలాంటి పిల్లనే "మాట వినదు" అని వదిలేస్తారు.

*గిన్నెడు నీళ్లు తాగేస్తుంది, పెద్ద పెద్ద మడుగులు పోస్తుంది.* ఒక రోజంతా కొలిచి పోయండి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటి రోజూ తాగుతుంటే చూపించాలి. అయితే ముందు గుర్తు చేసుకోండి: దురదకు ఇంజెక్షన్ గానీ మాత్రలు గానీ ఈమధ్య వాడారా? స్టెరాయిడ్ అయితే దాహం, మూత్రం రెండూ పెరుగుతాయి. డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి, మధ్యలో మీరే మానేయకండి.

*మూత్రం కాఫీ రంగులో వస్తుంది, జ్వరం ఉంటుంది, చిగుళ్లు పాలిపోతాయి.* గోమార్ల వల్ల వచ్చే జ్వరం కావచ్చు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో వెతకండి. రక్త పరీక్ష అవసరం, ఆలస్యం చేయకండి. వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ కూడా వస్తుంది. అది పిల్ల మూత్రం ద్వారా మనకూ అంటుకుంటుంది కాబట్టి గ్లౌజులు వేసుకునే తుడవండి. దీనికి టీకా ఉంది, అడిగి వేయించండి.

*ముక్కుతుంది కానీ చుక్క కూడా రాదు.* ఇది ఎమర్జెన్సీ. రేపటిదాకా ఆగకండి.

మూత్రం కాకుండా మిగతా భయాలు

నిద్రలో కాళ్లు కదపడం, ఎక్కిళ్లు, సన్నగా మూలగడం మామూలే. వాంతులతో పాటు రక్తం కలిసిన నీచు వాసన విరేచనాలు, నీరసం కనిపిస్తే, అందులోనూ టీకాలు పూర్తికాని పిల్ల అయితే, పార్వో (ప్రాణాలు తీసే వైరస్ జబ్బు) అనుకుని అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. పెరుగన్నం పెట్టి ఒక రోజు చూద్దామనుకుంటే ఆ ఒక్క రోజులోనే పిల్ల చేజారిపోవచ్చు. టీకాలు 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు వచ్చేదాకా డాక్టర్ చెప్పిన తేదీలకు వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలకు. ఆవుపాలు చాలా పిల్లలకు పడవు, విరేచనాలవుతాయి. జ్వరమొచ్చిందని మన ప్యారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వేయడం విషం పెట్టినట్టే.

తుడిచేటప్పుడు

మనకు చేతికందేది ఫినాయిల్. కుక్కపిల్ల ఉన్న ఇంట్లో దాన్ని పక్కన పెట్టండి. ఫినాల్ ఉన్న రకాలు కాళ్లకు అంటుకుంటాయి, పిల్ల పాదాలు నాక్కుంటే కడుపులోకి పోతాయి. అమ్మోనియా ఉన్న క్లీనర్లూ వద్దు, ఆ వాసన మూత్రంలాగే ఉండి మళ్లీ అక్కడే పోసేలా చేస్తుంది. పొడిబట్టతో ముందు పీల్చేసి, పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వాడండి. మామూలు టైల్స్ అయితే సగం వెనిగర్, సగం నీళ్లు కూడా పనిచేస్తాయి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు

కొత్త చోటికి వచ్చాక పిల్ల ఇంట్లోలా ప్రవర్తించదు. అందుకే మూత్రం పోసే సమయంలో ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్లండి. రోజుకు ఎన్నిసార్లు, ఎవరిని చూసినప్పుడు, నిద్రలో కారుతుందా లేదా, నీళ్లు ఎంత తాగుతుంది, ఏ మందులు వాడారు అనేవి ఒక కాగితం మీద రాసుకోండి. ఏడాది దాటినా సంబరంలో చిందడం ఆగకపోయినా, ఇంట్లో అందరూ నెలలపాటు పద్ధతి పాటించినా ముడుచుకోవడం తగ్గకపోయినా, ఆ వీడియో, ఆ కాగితం పట్టుకుని మరోసారి చూపించండి.