24 పుస్తకాల లక్ష్యం వదిలేశాకే చదవడం కుదిరింది (నా అనుభవం)

ఏటా జనవరిలో 24 పుస్తకాలు చదవాలని రాసుకోవడం, ఫిబ్రవరి దాటేసరికి మూడో పుస్తకం సగంలో ఆగిపోవడం. నాలుగేళ్లు ఇదే తంతు. యాప్‌లు, అలారాలు, గోడ మీద చార్టు, స్నేహితుడితో పందెం, అన్నీ అయ్యాయి.

పనిచేసింది ఇది. మొదట ఆ 24 అంకె కొట్టేశాను. తర్వాత, ఎలాగూ మానని పని ఒకటి వెతికాను: రాత్రి పళ్లు తోముకోవడం. బ్రష్ పెట్టేయగానే రెండు పేజీలు, అంతే. పొద్దున పక్క సర్దేటప్పుడే పుస్తకం దిండు మీద పెట్టేస్తాను; దాన్ని చేత్తో తీయకుండా పడుకోవడం కుదరదు. అసలు కిటుకు ఇక్కడే ఉందని నా అనుమానం. వారం తర్వాత ఫోన్ చార్జర్‌ని వేరే గదిలోకి మార్చాను. ఎంత ఉత్సాహం వచ్చినా నెల రోజులు రెండు పేజీలే లెక్క. ఎక్కువ చదివితే అది బోనస్, మర్నాటికి జమ కాదు.

21 రోజుల్లో అలవాటు కుదురుతుందన్న మాట నమ్మకండి. యూనివర్సిటీ కాలేజీ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. అలవాటు కుదరడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు పడుతుందని తేలింది, మధ్యగతం (వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యన వచ్చే అంకె) 66. ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదనీ అందులో ఉంది. నాకు రెండున్నర నెలలు పట్టింది. మధ్యలో ఐదు రోజులు పోయాయి.

ఇదే పద్ధతి వ్యాయామానికి వాడి చూశాను, పాచిక పారలేదు. గడువున్న పరీక్షలకైతే లక్ష్యం, తేదీ ఉండాల్సిందే అనుకుంటాను. నైట్ షిఫ్టుల వాళ్లకు పడుకునే వేళే మారిపోతుంది కదా, వాళ్లు ఎలాగూ మానని పని ఇంకొకటి చూసుకోవాలి.