పాత టౌన్ హాలునో, లైబ్రరీనో కూల్చేస్తామంటే ఎలా ఆపాలి?

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ ప్రాంతాలు 1936లో ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. ఆ రోజుల్లో కట్టిన బడులు, కచేరీలు, ఆసుపత్రులు ఒడిశాలోని మన తెలుగువాళ్ల ఊళ్లలో ఇంకా నిలబడి ఉన్నాయి. మన తాతలు చదువుకున్నదీ, నాటకాలాడిందీ, రిజిస్టర్లలో సంతకాలు పెట్టిందీ అక్కడే. వాటిని పోగొట్టుకోకూడదని గట్టిగా నమ్మేవాళ్లలో నేనొకణ్ణి.

ఏ భవనమూ ఉన్నట్టుండి పోదు. ముందు తాళం పడుతుంది. కప్పులోంచి వాన నీళ్లు దిగుతాయి. 'ప్రమాదకరం, లోపలికి రావద్దు' అని బోర్డు పెడతారు. ఆ తర్వాత టెండరు. జేసీబీ గేటు ముందుకొచ్చాక మనం చేయగలిగింది చాలా తక్కువ. బోర్డు కనబడిన వారంలోనే కదలండి.

ముందు కాగితాలు

భవనం మునిసిపాలిటీదా, రెవెన్యూ శాఖదా, విద్యాశాఖదా అన్నది ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఖాతా నంబరు, ప్లాటు నంబరు చూసి తేల్చుకోండి. తర్వాత సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఒడిశాలో దీనికి ఫారం-ఎ వాడాలి, గుర్తింపు కార్డు నకలు జత చేయాలి. రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. 'ఎందుకు కూలుస్తున్నారు?' అని అడిగితే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపేయొచ్చు. కాగితాలే అడగండి: కూల్చాలన్న తీర్మానం నకలు, ఇంజనీరు తనిఖీ రిపోర్టు, రిపేరుకు వేసిన ఎస్టిమేటు, కొత్త కట్టడం ప్లాను. రిపేరు ఎస్టిమేటు అసలు వేయించనే లేదని తేలిందా, మీకు మొదటి గట్టి పాయింటు దొరికినట్టే.

'శిథిలం' అన్న మాటను పరీక్షించండి

కూల్చివేత సాధారణంగా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది. అందుకే ఇక్కడ ఓపిగ్గా పనిచేయాలి. ఆ కాలపు గోడలకు వాడింది సిమెంటు కాదు, గానుగ సున్నం. చాలా భవనాలకు పైకప్పు మద్రాసు టెర్రస్, అంటే టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నం వేసిన కప్పు. వీటి జబ్బులు వేరు, మందూ వేరు. తూము మూసుకుపోయి నీరు నిలుస్తోందా, గోడలో దిగిన దూలం కొన పుచ్చిందా, పిట్టగోడలోకి రావి వేరు దిగిందా చూడాలి. రావి మొక్కను పట్టి లాగకండి, ఇటుకలు కూడా ఊడి వస్తాయి. పైన ఎవరైనా సిమెంటు గిలాబా చేసి ఉంటే తేమ బయటికి పోలేక సున్నాన్ని లోపలే తినేస్తుంది.

పగులు పాతదా, ఇంకా పెరుగుతోందా తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్క పెట్టి, రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించండి. పక్కనే పెన్సిలుతో తేదీ వేయండి. నెలకోసారి ఫొటో తీయండి. వానాకాలం గడిచినా గాజు చిట్లకపోతే ఆ గోడ కదలడం లేదన్నమాట. ఇదంతా ఆఫీసు అనుమతి తీసుకునే చేయండి, బోర్డు పెట్టిన భవనంలోకి దొంగచాటుగా వెళ్లొద్దు. ఈ ఫొటోలు చూపించి, పాత కట్టడాల పని తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరుతో విడిగా రిపోర్టు రాయించండి. 2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫానుకీ, 2018లో గజపతి జిల్లాను అతలాకుతలం చేసిన తిత్లీ తుఫానుకీ తట్టుకున్న భవనమైతే ఆ సంగతి రిపోర్టులో తప్పకుండా ఉండాలి.

చరిత్ర వెతకడం మన పని

ఆ కాలపు దస్తావేజులు, శంకుస్థాపన రాళ్లు, చందా పుస్తకాలు కొన్ని తెలుగులో ఉండొచ్చు. వాటిని చదివి పెట్టగలిగేది మనమే. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ట్రంకు పెట్టెలు తీయించండి. పాత క్లాసు ఫొటోలో పిల్లల వెనక కనిపించే వరండా స్తంభం కూడా సాక్ష్యమే. మద్రాసు ప్రభుత్వపు పాత ఫైళ్ల కోసం చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో వెతకాలి.

ఒక్క జాగ్రత్త. వి.వి.గిరి గారు బరంపురంలో పుట్టారన్నదీ, గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారన్నదీ నిజమే. అంతమాత్రాన 'ఈ గదిలోనే' అని కాగితం లేకుండా రాయకండి. ఎదుటివాళ్లు ఆ ఒక్క వాక్యం పట్టుకుని అర్జీ మొత్తాన్ని కొట్టిపారేస్తారు.

అర్జీ ఒడియాలో

ఇది తెలుగువాళ్ల గొడవ అన్న పేరు పడిందంటే పని చెడినట్టే. పైగా అది నిజం కూడా కాదు, ఆ బల్లల మీద ఒడియా పిల్లలూ మన పిల్లలూ కలిసే కూర్చున్నారు. కమిటీలో ఇద్దరూ ఉండాలి. మొదటి సంతకం అక్కడ పనిచేసి రిటైరైన ఒడియా మాస్టారిదైతే మరీ మంచిది.

అర్జీ మునిసిపాలిటీకీ, కలెక్టరు ప్రజల ఫిర్యాదులు వినే జాయింట్ గ్రీవెన్స్‌లోనూ ఇవ్వండి. గంజాం కలెక్టరాఫీసు ఛత్రపురంలో, గజపతిది పర్లాకిమిడిలో ఉన్నాయి. రాష్ట్ర పురావస్తు శాఖకు ఒక ప్రతి పంపి, 1956 నాటి ఒడిశా పురాతన కట్టడాల పరిరక్షణ చట్టం కింద రక్షణ కోరండి. నూరేళ్లు దాటిన కట్టడమైతే 1958 చట్టం కింద కేంద్ర పురావస్తు శాఖనూ అడగొచ్చు. కేంద్ర రక్షణ వస్తే చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. ఈ సంగతి ఇరుగుపొరుగుకు ముందే చెప్పండి, దాస్తే రేపు వాళ్లే ఎదురు తిరుగుతారు. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థ సలహా ఇస్తుంది, జాబితాలో చేరుస్తుంది గానీ ఆ జాబితాకు చట్టబలం లేదు. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు ముద్ర వేయించుకోండి.

టెండరు పడిందంటే

ఇక ఆలస్యం చేయొద్దు. కటక్‌లోని హైకోర్టులో 226వ అధికరణ కింద ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసి స్టే అడగాలి. హైదరాబాద్‌లో అసెంబ్లీ కట్టడం కోసం పాత ప్యాలెస్ ఎర్రమంజిల్‌ను కూల్చాలన్న కేబినెట్ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. మీ లాయరుకు ఆ తీర్పు చూపించండి.

స్టే వచ్చిందని ఇంటికెళ్లిపోకండి. తాళం వేసి ఉన్నంతకాలం భవనం పాడవుతూనే ఉంటుంది. సాయంత్రం రీడింగ్ రూమో, పిల్లల ట్యూషనో, సంగీతం క్లాసో నడుపుతామని మునిసిపాలిటీతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో, వానలకు ముందు తూములు ఎవరు శుభ్రం చేయించాలో కూడా అందులోనే రాయించండి.