కలగలుపు కోడిపిల్లల్లో జాతి, పుంజు, పెట్ట గుర్తుపట్టడం: సమస్య - పరిష్కారం

సంతలోనో, బండి మీద తిరిగి అమ్మేవాళ్ల దగ్గరో పిల్లలు కొంటే ఒకే గంపలో పసుపువి, నల్లవి, చారలవి అన్నీ కలిసి వస్తాయి. వాటిలో గుడ్లు పెట్టేవెన్నో, దాణా తిని పుంజులయ్యేవెన్నో ముందే తెలిస్తే ఇంటి లెక్క సరిగ్గా కుదురుతుంది. మొదట జాతి పట్టాలి, పుంజు పెట్ట సంగతి ఆ తర్వాతే. ఈ వరుస తిరగబడితే తప్పులు తప్పవు.

సమస్య: అన్నీ పసుపు పిల్లలే, లేదా గులాబీ, ఆకుపచ్చ రంగులు వేసినవి

రంగు వేసి అమ్మే పిల్లలు ఎక్కువగా లేయర్ (గుడ్ల రకం) పిల్లలను పొదిగించే హ్యాచరీల్లో పక్కకు తీసేసిన మగపిల్లలు. గుడ్ల కోళ్ల ఫారాలకు పెట్టలు మాత్రమే కావాలి కాబట్టి ఇవి చౌకగా బయటికొస్తాయి. వీటిని గుడ్ల ఆశతో కొనకండి. మామూలు పసుపు పిల్లలైతే గుడ్ల జాతి వైట్ లెగార్న్ కావచ్చు, మాంసం కోసం పెంచే బ్రాయిలర్ కావచ్చు. మొదటి రోజు రెండూ ఒకేలా ఉంటాయి. రెండు వారాలు ఆగి తూచండి. మంచి దాణా మీద బ్రాయిలర్ పిల్ల అప్పటికి నాలుగు వందల గ్రాములకు అటూఇటూ ఉంటుంది. కాళ్లు లావు, రొమ్ము వెడల్పు. లేయర్ పిల్ల అందులో మూడో వంతు తూగడం కూడా కష్టం, కానీ రెక్కలు తొందరగా వచ్చి గంప అంచు ఎక్కేస్తుంది.

సమస్య: "వనరాజ" అని అమ్మారు, రకరకాల రంగులున్నాయి

కారణం సులువు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ రంగురంగుల పెరటి కోళ్లే. నాటుపిల్లలూ రంగురంగులే. కాబట్టి పిల్లల ఈకల రంగు చూసి వాదించుకోవడం దండగ. ఎదుగుదల చూడండి. ఆరు వారాలకు వనరాజ పిల్ల మంచి దాణా మీద అరకిలో దాటుతుంది. నాటుపిల్ల పావుకిలో దగ్గరే ఉంటుంది. తిండి సరిగా అందకపోతే ఈ తేడా చెరిగిపోతుంది, కాబట్టి అన్నిటికీ ఒకే దాణా పెట్టి పోల్చాలి.

అసీల్ (పందెం కోడి జాతి) రక్తం ఉన్న పిల్లకు కాళ్లూ మెడా పొడవు, నిలబడే తీరు నిటారు. తురాయి రంపంలా లేవదు, నెత్తికి అతుక్కుని మూడు చిన్న వరుసలుగా ఉంటుంది. నల్లకోడి జాతి కడక్‌నాథ్‌లో ముక్కు, కాళ్లు, నాలుక కూడా నల్లగా ఉంటాయి, నోరు తెరిచి చూడండి. ఈకలు నల్లగా ఉండి నాలుక ఎర్రగా ఉంటే అది మేలుజాతి కడక్‌నాథ్ కాదు. మెడ మీద ఈకలు లేని రకమైతే పుట్టినరోజే తెలుస్తుంది.

సమస్య: మొదటి రోజే రెక్క ఈకలు చూసి వేరు చేశారు, పెద్దయ్యాక తారుమారైంది

ఈ తేడా నిజమే, కానీ అన్ని పిల్లల్లోనూ ఉండదు. ఈకలు త్వరగా వచ్చే పుంజును, ఆలస్యంగా వచ్చే పెట్టలను కావాలని జతకట్టిస్తేనే పెట్టపిల్లల రెక్క ఈకలు పొడవుగా, పుంజుపిల్లలవి పొట్టిగా కనిపిస్తాయి. అదీ మొదటి ఒకటి రెండు రోజులే. తల్లిదండ్రులెవరో తెలియని గంపలో ఈ పద్ధతి పనిచేయదు. మలద్వారం నొక్కి చూసే జపాన్ పద్ధతికి చాలా శిక్షణ కావాలి. చేతకాకుండా నొక్కితే పిల్లకు లోపల దెబ్బ తగులుతుంది, ఆ పని చేయకండి. కోలగా ఉన్న గుడ్డులో పుంజు ఉంటుందని, ఉంగరం దారానికి కట్టి ఊపితే తెలుస్తుందని చెప్పేవి నమ్మనక్కర్లేదు.

సమస్య: ఆరు వారాలైనా ఏది పుంజో తేలడం లేదు

ఎక్కువమంది ఇబ్బందిపడేది ఇక్కడే. పుంజుపిల్లకు నాలుగు నుంచి ఆరు వారాల్లో తురాయి, గొంతు కింద తమ్మెలు పెద్దవై ఎర్రబడతాయి, కాళ్లు లావెక్కుతాయి. కానీ గంపలో జాతులు కలిసున్నప్పుడు ఒక లెగార్న్ పెట్టపిల్ల తురాయి అసీల్ పుంజుపిల్ల తురాయి కన్నా పెద్దగా ఉండొచ్చు. అందుకే ముందు రకాల వారీగా విడదీసి, ఒకే వయసు, ఒకే రకం పిల్లలను పక్కపక్కన పెట్టి పోల్చాలి. కాలికి రంగు రింగు వేసి అనుమానం ఉన్నవాటిని వారం వారం చూడండి. కాలు లావవుతుంది కాబట్టి రింగు బిగుసుకోకుండా మార్చాలి. దారమైతే కాలిని కోసేస్తుంది, వద్దు.

అసీల్‌లో తురాయి ఆలస్యంగా తేలుతుంది. కడక్‌నాథ్‌లో ఎరుపు కోసం వెతికినా లాభం లేదు, తురాయే నల్లగానో ఊదాగానో ఉంటుంది. ఈ రెండింటికీ పది, పన్నెండు వారాలు ఆగి మెడ మీద, నడుము మీద ఈకలు చూడండి. సన్నగా, కోసుగా, మెరుస్తూ దిగుతుంటే పుంజు. గుండ్రని కొసలుంటే పెట్ట. ఒక ఈక పీకి తెల్లకాగితం మీద పెట్టి చూస్తే ఇంకా స్పష్టం.

ఇంట్లోనే పొదిగించేవాళ్లకు ఒక మంచి దారి

మేలుజాతి కడక్‌నాథ్ పుంజును పసుపు లేదా తెల్ల కాళ్ల నాటుపెట్టలతో కలిపితే, ఆడపిల్లల కాళ్లూ చర్మమూ నల్లబడతాయి, మగపిల్లలవి లేతగా ఉంటాయి. చర్మంలో నలుపును అణిచే గుణం తల్లి నుంచి కొడుకులకే వెళ్తుంది కాబట్టి ఇలా జరుగుతుంది. మొదటి రోజు తేడా అంతగా తెలియకపోవచ్చు, కొన్ని వారాల్లో కాళ్ల రంగు తేలిపోతుంది. తల్లి కాళ్లు ముందే నల్లగా, బూడిదగా ఉంటే ఇది పనికిరాదు. నాటుపుంజును కడక్‌నాథ్ పెట్టతో కలిపినా పనికిరాదు. గుడ్లు పొదిగేసే ముందే తల్లికోడి కాళ్లు చూసి ఎంచుకోండి.