జీడీపీ, వడ్డీ, రూపాయి వార్తల్ని మన జిల్లా లెక్కలోకి దించి చదవడం ఎలా

గ్రూప్స్‌కి చదివే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఎకానమీలో కష్టం నిర్వచనాలు కాదు, అవి ఎలాగూ బట్టీ కొట్టేస్తారు. పేపర్లో రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ) తగ్గింది అని చదివాక సరే దాంతో దేశం ఎట్లా పెరుగుతుంది చెప్పు అని ఎవరైనా అడిగితే మాత్రం నోరు పెగలదు. తిరుపతి ఎస్వీయూ (వెంకటేశ్వర యూనివర్సిటీ) లైబ్రరీ దగ్గర టీ తాగుతా ఈ డౌటు అడిగిన పిల్లలకి నేను చెప్పే పద్ధతే ఇక్కడ రాస్తున్నా, పరీక్ష రాసేవాళ్ళకే కాదు, ఊరికే పేపర్ చదివేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

ఏ వార్త చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి. దీనివల్ల ఎవరి చేతికి డబ్బొచ్చింది, ఎవరి చేతిలోంచి పోయింది, ఆ వచ్చిన డబ్బు ఇంకో నలుగురికి పని పుట్టించేదాకా పోతోందా లేక మధ్యలోనే ఆగిపోతోందా. మూడోదే అసలు ప్రశ్న. ఎందుకంటే పుస్తకంలో వడ్డీ తగ్గితే పెట్టుబడి పెరుగుతుంది, పెట్టుబడి పెరిగితే గ్రోత్ వస్తుంది అని వరసగా బాణం గుర్తులు వేసేస్తారు, మనలాంటి ఇంకా ఎదుగుతున్న దేశంలో ఆ బాణం చానాసార్లు మధ్యలోనే ఆగుతుంది, ఆగేది కూడా ఎక్కువగా మూడు చోట్లే: తిండి ధరలు, దిగుమతి ఆయిలు, డాలర్లు. ఈ మూడూ గుర్తుపెట్టుకుంటే సగం ఎకానమీ అర్థమైనట్టే అని నా లెక్క.

ముందు జీడీపీ, అంటే ఏడాదిలో దేశం మొత్తం ఉత్పత్తి విలువ. శాతం ఒక్కటే చూసి ఎగిరిపడొద్దు, దాని కింద బేస్ ఏముందో, అంటే ఏ అంకె మీద ఆ శాతం కట్టారో చూడాలి. కోవిడ్ ఏడాది 2020-21లో మన జీడీపీ 5.8 శాతం తగ్గింది, తర్వాతి ఏడాది 9.7 శాతం పెరిగింది. అబ్బో 9.7 అనుకుంటాం గానీ, వంద రూపాయల నుంచి మొదలుపెట్టి లెక్కేయండి, 94.2కి పడి అక్కడినుంచి 103.3కి వచ్చింది, అంటే రెండేళ్ళకి కలిపి వచ్చింది మూడు చిల్లర. ఇంకో చిట్కా, 70ని గ్రోత్ రేటుతో భాగిస్తే ఎన్నేళ్ళకి రెట్టింపవుతుందో వస్తుంది, 7 శాతమైతే పదేళ్ళు, 3.5 అయితే ఇరవయ్యేళ్ళు. పేపర్లో అర శాతం కోసం అంత గొడవ ఎందుకు పడతారో ఈ లెక్క వేశాకే తెలుస్తుంది.

జీడీపీలో ఇంకోటి కూడా చూడాలి, ఆ పెరుగుదల ఎక్కడ వచ్చింది అని. 2023-24 లేబర్ సర్వే ప్రకారం మన దేశంలో పనిచేసేవాళ్ళలో 46 శాతం మంది వ్యవసాయం మీదే ఉన్నారు, దేశం మొత్తం ఉత్పత్తిలో వ్యవసాయం వాటా చూస్తే 18 శాతం దగ్గర. అంటే దాదాపు సగం మంది కలిసి ఐదో వంతు కూడా తేవట్లేదు. ఎదుగుతున్న దేశానికి గ్రోత్ అంటే ముఖ్యంగా ఈ మనుషులు జాస్తి సంపాదన ఉన్న పనిలోకి మారడమే, సత్యవేడు, సూళ్ళూరుపేట వైపు పొద్దున్నే శ్రీసిటీ పారిశ్రామికవాడ కంపెనీ బస్సులెక్కే ఆడపిల్లల్ని చూస్తే ఆ మార్పు కళ్ళముందే కనిపిస్తుంది, అదే పిల్ల వేరుశనక్కాయలు కోయడానికి పోతే సీజన్లో కొన్నాళ్ళే కూలి, కంపెనీలో నెల నెలా జీతం, పీఎఫ్. ఆ కంపెనీ రావడానికి వడ్డీ రేటు ఒక్కటే కారణం కాదు, కరెంటు, నీళ్ళు, చెన్నై పోర్టు దగ్గరగా ఉండటం, హైవే, అన్నీ కుదరాలి.

ఇప్పుడు ధరలు, దీనిమీద కొంచెం ఎక్కువసేపు కూర్చోవాలి. మనకి బ్రహ్మాండమైన ఉదాహరణ మదనపల్లె టమోటా మార్కెట్. 2023 జులైలో పంట తగ్గి కిలో టమోటా వంద దాటిపోయింది, ఇంట్లో సాంబారులోకి టమోటా వెయ్యాలంటే ఆలోచించాల్సి వచ్చింది. దేశం మొత్తం చిల్లర ధరలు ఏడాదిలో పెరిగిన శాతం, అంటే రిటైల్ ఇన్‌ఫ్లేషన్ జూన్‌లో 4.87 శాతం ఉన్నది జులైకి 7.44 అయింది. టమోటాకి అంత బలం ఎక్కడిది అంటే, అప్పట్లో 2012 ధరల్ని బేస్‌గా పెట్టి వేసిన ధరల సూచీలో తిండి, పానీయాల వాటానే 46 శాతం దగ్గరుండేది, కూరగాయలు ఎగిరితే సూచీ మొత్తం ఎగురుతుంది. రిజర్వ్ బ్యాంకు టార్గెట్ 4 శాతం, అటు ఇటు రెండు, అంటే 6 దాటకూడదు, మరి 7.44 అయింది కాబట్టి రెపో పెంచేసి ఉండాలి కదా? పెంచలేదు, 6.5 దగ్గరే ఉంచేసింది. రెపో పెంచితే అప్పులు ఖరీదై గిరాకీ తగ్గుతుంది గానీ టమోటా చెట్టుకి కాయలు రావు గదా, సప్లై తగ్గి పెరిగిన ధర మళ్ళీ పంట వస్తే అదే దిగుతుంది. సెప్టెంబర్‌కి ఇన్‌ఫ్లేషన్ 5.02కి వచ్చేసింది, మార్కెట్లో టమోటా ధర కూడా కూలిపోయింది.

ఇక్కడ మూడు ప్రశ్నలు వేసి చూడండి. డబ్బు ఎవరికొచ్చింది? జులైలో కాయ చేతిలో ఉన్న కొద్దిమంది రైతులకి, మండీ వాళ్ళకి. ఎవరికి పోయింది? నెల జీతంలో సగం తిండికే పోయే ఇళ్ళకి, వాళ్ళు ఆ నెల చొక్కా కొనడం మానేశారు, ఫోన్ మార్చడం వాయిదా వేశారు, అంటే బట్టల షాపుకీ ఫోన్ల కంపెనీకీ గిరాకీ తగ్గింది. మధ్యలో ఎక్కడ ఆగింది? ధర చూసి అందరూ టమోటా నాటి తర్వాత పడిపోయాక పెట్టుబడి కూడా రాని రైతు దగ్గర. ధర పెరిగినా పడినా గ్రోత్‌కి దెబ్బే, ఎందుకంటే రేపు ధర ఎంతుంటుందో తెలియనప్పుడు ఎవడూ డ్రిప్పు కొనడు, కోల్డ్ స్టోరేజీ కట్టడు. ఇన్‌ఫ్లేషన్ మీద ఆన్సర్ రాసేటప్పుడు ధరలు పెరగడం గురించే రాసి ఊగిసలాట గురించి రాయకపోతే సగం మార్కులే అని నా అభిప్రాయం.

వడ్డీకి వద్దాం. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో 4 నుంచి 6.5కి పోయింది, మళ్ళీ 2025 ఫిబ్రవరిలో తగ్గించడం మొదలుపెట్టి జూన్‌కి 5.5 చేశారు. కరకంబాడి రోడ్డులో ఫ్లాట్ కొన్న ఆయన ముప్పై లక్షల లోను ఇరవయ్యేళ్ళకి తీసుకున్నాడనుకోండి, 9 శాతానికి ఈఎంఐ 26,990 దగ్గరొస్తుంది, 8 శాతమైతే 25,090, నెలకి పంతొమ్మిది వందలు మిగిలినట్టు. 2019 అక్టోబర్ నుంచి కొత్త హోమ్ లోన్లని రెపో లాంటి బయటి రేటుకి కట్టేయమన్నారు కాబట్టి ఇది తొందరగానే అందుతుంది. కానీ గాంధీ రోడ్డులో తోపుడు బండి మీద పూలమ్మే ఆమె నూటికి రెండ్రూపాయల వడ్డీకి తెచ్చుకుంటుంది, అంటే ఏడాదికి 24 శాతం, ముంబైలో రెపో పావు శాతం తగ్గితే ఆమెకి ఎవరూ తగ్గించరు. మనలాంటి దేశాల్లో వడ్డీ తగ్గింపు గ్రోత్‌గా మారడం ఆలస్యం కావడానికి ఇదొక పెద్ద కారణం, బ్యాంకు గడప దాటిన చోటే రెపో పనిచేస్తుంది.

వడ్డీ తగ్గితే అందరికీ లాభం అనుకోవడం కూడా తప్పే. మన టీటీడీనే తీసుకోండి, 2025-26 బడ్జెట్ 5,258 కోట్లు, అందులో హుండీ కానుకలు 1,729 కోట్లు వస్తాయని అంచనా అయితే బ్యాంకు డిపాజిట్ల మీద వడ్డీనే 1,310 కోట్లు. డిపాజిట్ రేట్లు తగ్గితే ఆ లైను తగ్గుతుంది, పెన్షన్ డబ్బులు ఎఫ్‌డీలో వేసుకున్న రిటైర్డ్ మేష్టారిదీ అదే కథ. ఇంకా చూడాల్సింది అసలు వడ్డీ, ఎఫ్‌డీ 7 శాతం, ధరలు 6 శాతం అయితే మిగిలేది ఒక్క శాతమే, అది మైనస్ అయినప్పుడే జనం డిపాజిట్ వదిలేసి బంగారం, ప్లాట్లు అని పరిగెత్తేది, ఆ డబ్బు ఫ్యాక్టరీకి చేరదు.

రూపాయి, డాలరు విషయంలో పార్టీ గొడవలు పక్కనబెట్టి గొలుసు పట్టుకోండి. మనం వాడే క్రూడ్‌ (ముడి చమురు)లో 85 శాతం పైగా బయటిదే, రూపాయి పడితే డీజిల్ బిల్లు పెరుగుతుంది, డీజిల్‌తో పాటు లారీ కిరాయి, లారీతో పాటు మళ్ళీ టమోటా. యూరియా బస్తా ధర మాత్రం ప్రభుత్వమే ఫిక్స్ చేసింది కాబట్టి రైతుకి కనపడదు, ఆ భారం సబ్సిడీ పేరుతో బడ్జెట్లో తేలుతుంది. శ్రీసిటీలో డైకిన్, బ్లూ స్టార్ లాంటి వాళ్ళు చేసే ఏసీల్లో కూడా కొన్ని భాగాలు దిగుమతే, వాటి ఖర్చూ పెరుగుతుంది. లాభపడేది ఎవరంటే పీలేరు, రాయచోటి వైపు కువైట్‌లో మనిషున్న ఇల్లు, అదే దినారుకి ఇక్కడ రూపాయలు ఎక్కువొస్తాయి.

ఎగుమతిదారుకి కూడా లాభమే అని పుస్తకం చెప్తుంది, చిత్తూరు మామిడి దగ్గర అది పూర్తిగా నిజం కాలేదు. 2025 సీజన్లో తోతాపురి కాయలు తెచ్చిన రైతులు పల్ప్ (గుజ్జు) ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరసకట్టి నిలబడాల్సి వచ్చింది, పోయిన ఏడాది పల్పే అమ్ముడుపోక మిగిలిందని ఫ్యాక్టరీల మాట, బయట ఆర్డర్ లేనప్పుడు రూపాయి ఎంత పడి ఏం లాభం. ఆఖరికి కిలోకి ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలు అని ప్రకటించారు, ఆ నాలుగులో సగం వాటా కేంద్రం ఒప్పుకుంది. చూడండి, ఎగుమతుల వార్తగా మొదలై ప్రభుత్వ ఖర్చు వార్తగా తేలింది. మాక్రో ఎకానమీలో ఏ చాప్టరూ విడిగా ఉండదు, సిలబస్‌లోనే విడివిడిగా ఉంటుంది.

డాలర్లు అయిపోతే ఏమవుతుందో 1991 చూడాలి, రెండు మూడు వారాల దిగుమతులకి సరిపడా కూడా లేక 47 టన్నుల బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టాం, పీవీ ప్రధాని అయ్యాక జులైలో రెండు రోజుల తేడాతో రెండుసార్లు రూపాయి విలువ తగ్గించారు, ఆ ఏడాది గ్రోత్ ఒక్క శాతం చిల్లర. పక్కనున్న శ్రీలంక 2022 ఏప్రిల్‌లో అప్పు కట్టలేమని చేతులెత్తేసింది, ఆ ఏడాది వాళ్ళ ఎకానమీ ఏడు శాతం పైగా కుంచించుకుపోయింది.

ఫిస్కల్ డెఫిసిట్, అంటే ప్రభుత్వం ఖర్చుకి ఆదాయం చాలక అప్పు తెచ్చే మొత్తం, దాని సంగతి క్లుప్తంగా చెప్తా. కేంద్రానిది 2020-21లో జీడీపీలో 9.2 శాతం, 2024-25కి 4.8కి తెచ్చారు. అంకె కంటే అప్పు దేనికి తెచ్చారన్నది ముఖ్యం. చిత్తూరు మీదుగా పోయే చెన్నై బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌వేకి పెట్టిన డబ్బు లారీ టైము తగ్గిస్తుంది, పాత అప్పు వడ్డీకి పోయేది ఏ లారీనీ కదపదు. 2025-26 కేంద్ర బడ్జెట్ 50.65 లక్షల కోట్లలో వడ్డీలకే 12.76 లక్షల కోట్లు, నాలుగో వంతు!

ప్రాక్టీసు ఇట్లా చేయండి. నెలకి 12వ తారీఖు రిటైల్ ఇన్‌ఫ్లేషన్ వస్తుంది, రెండు నెలలకోసారి రిజర్వ్ బ్యాంకు పాలసీ, ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ ఆఖర్లో జీడీపీ. ఒక నోటుబుక్కులో ఎడమ పేజీలో అంకె, కుడి పేజీలో మూడు ప్రశ్నలకి మన జిల్లా నుంచే జవాబు రాయండి, టమోటా, మామిడి, పాలు, కువైట్, తిరుమల కొండ, శ్రీసిటీ, ఏదో ఒకటి తగులుతుంది. పక్కన టైము కూడా రాయండి, పెట్రోలు ప్రభావం వారాల్లో తెలుస్తుంది, రెపో ప్రభావానికి నెలలు పడుతుంది, రోడ్డుకి ఏళ్ళు.

జీడీపీ అంకె పక్కన మాత్రం అది ఏ నెలలో విడుదలైందో తప్పకుండా రాసుకోండి. పైన నేను రాసిన ఆ 2020-21 మైనస్ 5.8 ముందు మైనస్ 7.3 అని వచ్చింది, తర్వాత మైనస్ 6.6 అయింది, ఆ తర్వాతే 5.8. పాత నోట్సు చదివినవాడికీ కొత్త పేపర్ చదివినవాడికీ హాస్టల్లో గొడవలు ఇక్కడే, ఇద్దరిదీ కరెక్టే, నెల వేరు.