మీటరు మీద ఎర్ర లైటు ఎప్పుడైనా గమనించారా?

కరెంటు బిల్లు ఎక్కువొస్తే ముందు లైట్ల మీద పడతాం. పాపం, 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక యూనిట్ తినాలంటే 111 గంటలు వెలగాలి. 2000 వాట్ల గీజరుకి అరగంట చాలు.

ఏ వస్తువు ఎంత లాగుతోందో తెలుసుకోడానికి ఒక చిట్కా. డిజిటల్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుతూ ఉంటుంది. అక్కడే 3200 అనో 1600 అనో అంకె ఉంటుంది. అన్నిసార్లు మిణికితే ఒక యూనిట్ అయినట్టు. ఇంట్లో అన్నీ ఆపేసి, ఒక్కదాన్నే వేసి, మిణుకుకీ మిణుకుకీ మధ్య ఎన్ని సెకన్లో ఫోన్లో చూడండి. 36 లక్షల్ని ముందు ఆ అంకెతో, తర్వాత సెకన్లతో భాగిస్తే వచ్చేవే వాట్లు. 3200 మీటరులో 15 సెకన్లకోసారి మిణికితే 75 వాట్లు, అంటే మామూలు సీలింగ్ ఫ్యాను.

నేనైతే అన్నీ ఆపేశాననుకుని మీటరు ముందు నిలబడ్డాను. 56 సెకన్లకోసారి మిణుకుతూనే ఉంది! వెతగ్గా వెతగ్గా దొరికింది సెట్‌టాప్ బాక్సు. రిమోట్‌తో టీవీ ఆపినా, చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. దాదాపు 20 వాట్లు, రోజంతా. నెలకి 14 యూనిట్లు ఊరికే పోతున్నాయన్నమాట. ఇప్పుడు పడుకునే ముందు గోడ స్విచ్చే ఆపేస్తున్నాను.

ఫ్రిజ్, ఏసీల కంప్రెసర్లు ఆగి ఆగి నడుస్తాయి కాబట్టి వాటికి ఒకట్రెండు మిణుకులు చూసి లెక్క కట్టకండి.