విదేశీ యాంప్లిఫయర్ పాడైందా? నెల్లూరు నుంచి రిపేరుకు పంపే పద్ధతి

బయటి దేశం నుంచి తెచ్చుకున్న యాంప్లిఫయర్ మూగబోయిందని వెంటనే పెట్టె కట్టేయకండి. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి ముందు చెడేవి వాల్యూమ్ కంట్రోళ్లు, రిలే (లోపలి కరెంటు స్విచ్చి) కాంటాక్టులు. ఒక పక్క శబ్దం వచ్చి పోతున్నా, నాబ్ తిప్పితే గరగరమన్నా చాలాసార్లు కాంటాక్ట్ క్లీనరుతో కుదిరిపోతుంది. ఫ్యూజు పోతే అదే రేటింగుది వేయండి. అదీ వెంటనే ఎగిరితే లోపల రెక్టిఫయరో (ఏసీని డీసీగా మార్చే భాగం), అవుట్‌పుట్ ట్రాన్సిస్టరో షార్టయి ఉంటుంది. పెద్ద ఫ్యూజు వేసి చూద్దామంటే ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. జపానులో వాడే సెట్టు 100 వోల్టులది, అమెరికాది 120. అలాంటిదాన్ని మన 230కి నేరుగా పెట్టినా గతి అదే. చెన్నై రిచీ స్ట్రీటులో విడిభాగాలు వెతికి, అక్కడా తేలకపోతేనే విదేశం మాట.

పంపక తప్పకపోతే ముందు కొలతలు తీయండి. కొరియరు వాళ్లు తూకం ఒక్కటే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. 60×50×30 పెట్టె అంటే 18 కిలోలు. లోపల సెట్టు 12 కిలోలే ఉన్నా బిల్లు 18కే. స్పీకరైతే చెక్కపెట్టె ఇంట్లోనే ఉంచి డ్రైవరు (లోపల శబ్దం చేసే భాగం) మాత్రం పంపండి.

అసలు చిక్కు కాగితంలో ఉంది. పంపే రోజే ఎగుమతి పత్రంలో మోడలు, సీరియల్ నంబరు, ‘రిపేరు కోసం, తిరిగి వస్తుంది’ అన్న మాట పడాలి. గిఫ్టు అని రాయించారా, తిరిగొచ్చినప్పుడు అది మీ పాత సెట్టేనని చూపడానికి ఆధారం ఉండదు. పూర్తి విలువ మీద కస్టమ్స్ సుంకం పడుతుంది. సీరియల్ ప్లేటు ఫొటో, ఎయిర్‌వే బిల్లు (కొరియరు వాళ్లిచ్చే రవాణా పత్రం), కొన్నప్పటి రసీదు ఒక కవరులో పెట్టుకోండి. లోపలి సర్క్యూట్ బోర్డు ఒక్కటే పంపితే దాని మీద అచ్చయిన నంబరు రాయించండి.

పత్రాలు సరిగ్గా ఉండి, యజమాని మారకుండా 3 ఏళ్లలోపు అదే వస్తువు వస్తే, సుంకం లెక్కకు తీసుకునేది రిపేరు ఖర్చు, రానుపోను రవాణా, బీమా మాత్రమే. ఉదాహరణకు లక్షన్నర సెట్టుకు రిపేరు 18,000, రవాణా 22,000, బీమా 1,000 అయితే సుంకం 41,000 మీద. వారంటీలో ఉచితంగా చేసినా రిపేరు విలువ సున్నా అనుకోరు. న్యాయంగా ఎంతవుతుందో అంతా కలుపుతారు. కాబట్టి విడిభాగాలు, కూలీ విడివిడిగా చూపే బిల్లు అడగండి.

చాలామంది జారేది ఇంకోచోట. కంపెనీ వాళ్లు మీ బోర్డు ఉంచుకుని కొత్తది పంపితే అది మీ వస్తువు కాదు, ఈ రాయితీ వర్తించదు. ‘మార్పిడి వద్దు, ఇదే బాగుచేసి పంపండి’ అని ముందే మెయిల్ రాసి, జవాబు అచ్చు తీసి అదే కవరులో పెట్టండి.