హోల్డింగ్ కంపెనీ చేతిలోని షేర్లకు విలువ కట్టడం ఎలా?

నల్లగొండ దిక్కు పదెకరాల బత్తాయి తోట పాలోళ్ల పొత్తులో ఉందనుకోండి. ఎకరం ధర అందరికీ తెలుసు, మీ వంతు రెండెకరాలనీ తెలుసు. అయినా పంపకం కాని ఆ రెండెకరాలను బయటివాళ్లు పూర్తి ధర పెట్టి కొనరు. కౌలు పైసలు ఎవరికిస్తారో, తోట ఎప్పుడు పంచుతారో ఇంటి పెద్ద చెప్పాలి. వేరే కంపెనీల షేర్లు పట్టుకుని ఉండటమే ప్రధాన పనిగా ఉన్న హోల్డింగ్ కంపెనీ షేరు అచ్చం అలాంటిదే. తోట విలువ కట్టడం తేలిక, పొత్తు వల్ల ఎంత తగ్గించాలన్నదే కష్టం.

ముందుగా వార్షిక నివేదికలో స్టాండలోన్ (ఆ ఒక్క కంపెనీవే అయిన) లెక్కలు తీసి, 'ఇన్వెస్ట్‌మెంట్స్' నోట్ చూడండి. ఏ కంపెనీవి ఎన్ని షేర్లున్నాయో అంకె మాత్రమే రాసుకోండి, పక్కనున్న రూపాయల విలువ వదిలేయండి. సబ్సిడరీ (సగానికి పైగా వాటా ఉన్న), అసోసియేట్ (అంతకంటే తక్కువైనా గట్టి వాటా ఉన్న) కంపెనీల షేర్లను చాలావరకు ఎన్నడో కొన్న ధరకే చూపుతారు. మార్చి తర్వాత షేర్ల సంఖ్యను పెంచే బోనస్, స్ప్లిట్ వచ్చాయేమో, ఆ షేర్లు ఏ కంపెనీవో దాని తాజా త్రైమాసిక షేర్‌హోల్డింగ్ పట్టికతో సరిచూడండి. ఆ పట్టికలో ప్రమోటర్ల (కంపెనీని నడిపించే యజమానుల) మొత్తం వాటా కాదు, మీ హోల్డింగ్ కంపెనీ పేరున్న వరుస ఒక్కటే చూడాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

రెండోసారి లెక్కపెట్టడం ఇంకో పొరపాటు. బజాజ్ హోల్డింగ్స్‌కు మహారాష్ట్ర స్కూటర్స్‌లో 51 శాతం ఉంది, దాని చేతిలో మళ్లీ బజాజ్ గ్రూపు షేర్లున్నాయి. మహారాష్ట్ర స్కూటర్స్ మార్కెట్ ధరైనా తీసుకోవాలి, లేదా దాని చేతిలోని షేర్లలో 51 శాతమైనా తీసుకోవాలి. రెండూ కలపొద్దు.

ఇక కూడిక. లెక్క కోసం ఒక ఊహా కంపెనీ: 900 రూపాయల ధరున్న షేర్లు 2 కోట్లు, అంటే 1,800 కోట్లు. 400 ధరున్నవి 50 లక్షలు, అంటే 200 కోట్లు. అన్‌లిస్టెడ్ (మార్కెట్లో అమ్మకానికి లేని) షేర్లు కంపెనీ ఖాతా పుస్తకంలో 60 కోట్లుంటే, లాభాల చరిత్ర లేనప్పుడు సగమే వేయండి, 30. మ్యూచువల్ ఫండ్లు, నగదు 100. మొత్తం 2,130. అప్పు 40 తీస్తే 2,090 కోట్లు. కంపెనీ షేర్లు 1.1 కోట్లయితే ఒక్కోదానికి 1,900.

అమ్మితే పన్ను పడుతుంది. లిస్టెడ్ షేర్ల దీర్ఘకాల లాభంపై 2024 జూలై 23 నుంచి 12.5 శాతం, సర్‌చార్జి, సెస్సు అదనం. లాభం 1,800 కోట్లయితే కనీసం 225. బ్యాలెన్స్ షీటులోని డిఫర్డ్ ట్యాక్సును (ముందు ముందు కట్టాల్సిన పన్ను కింద ఇప్పుడే చూపిన మొత్తాన్ని) మళ్లీ తీసేయకండి, ఒకే పన్ను రెండుసార్లు పోతుంది. ఆఫీసు ఖర్చు ఏటా 6 కోట్లుంటే దానికి 12 రెట్లు, 72 తీయండి. మిగిలింది 1,793 కోట్లు, షేరుకు 1,630. మార్కెట్లో 760కి దొరికితే డిస్కౌంటు 53 శాతం.

53 శాతం చూడగానే కొనేయకండి. ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్ దగ్గర ఏషియన్ పెయింట్స్ షేర్లున్నా, ఏళ్లతరబడి అది నామమాత్రపు ధరలోనే ఉండిపోయింది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ప్రత్యేక వేలం పెట్టించాకే, 2024 అక్టోబర్ 29న 3.53 రూపాయల షేరు 2,36,250కి చేరింది. అప్పుడు కూడా అది పుస్తక విలువ సుమారు 5.85 లక్షల్లో సగానికి రాలేదు.

అందుకే రెండు పరీక్షలు. ఒకటి, కంపెనీకి ఏటా వచ్చిన డివిడెండులో వాటాదారులకు ఎంత పంచింది? 30 కోట్లొచ్చి 3 కోట్లే పంచుతూ, మిగతాది గ్రూపు కంపెనీలకు అప్పులిస్తుంటే, ఆ పోర్ట్‌ఫోలియో మీది కానట్టే లెక్క. చేతిలోని షేర్లు తాకట్టులో ఉన్నాయేమో కూడా చూడండి. రెండు, గత పదేళ్ల మార్చి ఆఖరు ధరలతో ఇదే లెక్క వేసి, డిస్కౌంట్లన్నీ వరుసగా రాయండి. పదేళ్ల సగటు 62 శాతమైతే, ఇవాళ్టి 53 శాతం అగ్గువ కాదు, పిరమే.